అవ్వ సన్నికల్లు

మా బావ పులివెందుల నుంచి వచ్చి ప్రొద్దుటూరు బస్టాండులో దిగి, భుజాన శుభలేఖల సంచీతో నేరుగా మా ఇంటికొచ్చి, మంచినీళ్లయినా తాగకుండా పెరట్లోకి నడిచాడు. కాళ్లు కడుక్కోవడానికేమో అనుకుని చెంబు తీసుకుని వెనకాలే వెళ్లాను. చూస్తే కొళాయి పక్కన గొంతు కూర్చుని, నాచు పట్టిన మా అవ్వ సన్నికల్లును అరచేత్తో తుడుస్తున్నాడు. దాని మీద నేను బట్టల సబ్బు పెట్టుకుంటాను. ఆ సబ్బు బిళ్లను తీసి పక్కన పెట్టి, "దీని మీద సబ్బు పెడతాండావా సరోజా?" అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. అయినా నాకు తల కొట్టేసినట్టయింది. ముప్పై ఏళ్లు పిల్లలకు తెలుగు చెప్పి, ఎంతమందికో తప్పులు దిద్దిన దాన్ని. నా పెరట్లో తప్పు నాకు కనపడలేదు.

అక్క పోయి ఏడాది దాటింది. అక్కా బావల మనవరాలు మేఘన పెళ్లి ఇప్పుడు. ప్రొద్దుటూరులోనే ఒక ఫంక్షన్ హాలు మాట్లాడారు. పురోహితుడు సామాన్ల జాబితా ఫోనులో పంపాడట, అందులో సన్నికల్లు కూడా ఉంది. హాలు వాళ్లను అడిగితే మా దగ్గరే ఉందని చెప్పి, బంగారు రంగు పూసిన ఒక సిమెంటు పలక చూపించారట. మేఘన ఒప్పుకోలేదు. జేజి, అంటే మా అక్క, తొక్కిన రాయే కావాలంది. అంతటితో ఆగలేదు ఆ పిల్ల. బావ రావడానికి ముందురోజే నాకు ఫోను చేసి, "చిన్నజేజీ, సన్నికల్లు తొక్కేటప్పుడు మైకు నీ చేతికిస్తాం. జేజి బయపడిన కత నువ్వే చెప్పల్ల, అందరూ నవ్వల్ల," అంది. సరేనన్నాను. ఆ కథ చెప్పడంలో మా బంధువుల్లో నన్ను మించినవాళ్లు లేరు. తరగతిలో పిల్లలు విసుగ్గా ఉన్నప్పుడు కూడా ఎన్నోసార్లు చెప్పాను.

ఆ రాయిని చూస్తూ నిలబడితే నాకు జమ్మలమడుగు ఇల్లే ముక్కుకు తగిలింది. మా నాన్న పురోహితుడు. పెళ్లిళ్ల కాలం వస్తే ఇల్లంతా కర్పూరమూ, తడి దర్భలూ, అరటాకులూ కలిసిన వాసన. నాన్న తెల్లవారక ముందే తలస్నానం చేసి, సంచీ సర్దుకుని, పంచాంగం చంకన పెట్టుకుని బస్సుకు వెళ్లిపోయేవాడు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చేటప్పుడు ఆ సంచీలో కొబ్బరిచిప్పలు, అరటిపళ్లు, పసుపంటిన బియ్యం ఉండేవి. మాసమంతా మా ఇంట్లో కొబ్బరన్నమో కొబ్బరి పచ్చడో తప్ప ఇంకోటి ఉండేది కాదు. ఇప్పటికీ నాకు కొబ్బరి అంటే కడుపులో తిప్పుతుంది.

అవ్వ మా అమ్మకు అమ్మ. మగపిల్లలు లేరు, తాత పోయాక మా ఇంట్లోనే ఉండిపోయింది. వంటింట్లో తూర్పు మూల ఆమె సన్నికల్లు. అది మూరకు కొంచెం పైగా ఉన్న పలక. నూరడానికి పైన పొత్రం, అంటే రెండు చేతులా పట్టుకుని ముందుకూ వెనక్కూ తోసే గుండ్రటి రాయి. అవ్వ చెనక్కాయలు దోరగా వేయించి, పొట్టు ఊది, ఎండుమిరపకాయలూ చింతపండూ వేసి ఊరిమిండి పచ్చడి నూరుతుంటే వీధి వాకిలి దాకా వాసన వచ్చేది. నూరడం అయ్యాక రాయి మీద మిగిలిన దాంట్లో వేడి అన్నం ముద్ద వేసి తుడిచి, ఆ ముద్దను మా ఇద్దరికీ చెరి సగం పెట్టేది. నాకంటే ఆరేళ్లు పెద్దదైనా అక్క ఆ ముద్ద కోసం నాతో సమానంగా కొట్లాడేది. అంత ప్రేమగా పెట్టే చెయ్యే, ఆ రాతికి మా కాలు తగిలిందంటే మాత్రం వీపు మీద పడేది. అన్నం పెట్టే రాయిని కాలితో ముట్టుకోకూడదు. పొరపాటున తగిలితే మూడుసార్లు తాకి కళ్లకద్దుకోవాలి. ఈ చట్టం అక్కకూ నాకూ నడక వచ్చినప్పటి నుంచీ ఉంది.

అదే రాయిని పెళ్లిళ్లకు వీధి వీధంతా అడిగి పట్టుకుపోయేవాళ్లు. పెళ్లిలో పెళ్లికూతురి కాలు పట్టి దాని మీద పెట్టించడానికి. రాయి పోయిన రోజు మా ఇంట్లో పచ్చడి లేదు, మజ్జిగన్నమే. తిరిగి వచ్చేటప్పుడు ఉత్తి రాయి రాకూడదు. దాని మీద ఒక బెల్లం ముక్క, గుప్పెడు బియ్యం, ఒక రవికె గుడ్డ ఉండాలి. పక్కవీధి ఖాజాబీ తన కూతురి పెళ్లికి గోరింటాకు నూరడానికి అడిగితే అవ్వ ఇచ్చింది. ఆ రాయి ఎర్రెర్రగా మరకలతో, మీద ఖర్జూరాలతో తిరిగొచ్చింది. అవ్వ దాన్ని పసుపునీళ్లతో నాలుగుసార్లు కడిగింది, ఖర్జూరాలు మాత్రం కడక్కుండానే తినేసింది.

కాలు పెట్టకూడని రాయి మీద పెళ్లిరోజు ఎందుకు కాలు పెట్టిస్తారని నేను నాన్నను అడిగాను. నాన్న దగ్గర ప్రతిదానికీ ఒక అర్థం సిద్ధంగా ఉండేది. వధువును ఈ రాయిలా స్థిరంగా ఉండమని వరుడు చెప్పే మంత్రం అది అన్నాడు. అడ్డుతెర అంటే ఇద్దరి మధ్య ఉండే అజ్ఞానం, అది తొలగడమే పెళ్లి అనేవాడు. జీలకర్ర, బెల్లం కలిపి నూరితే మళ్లీ విడదీయలేం కాబట్టి తల మీద పెడతారనేవాడు. పల్లెల్లో చేనుపని వాళ్లు అడిగితే మాత్రం జీలకర్ర ముసలితనం దాకా చలవ చేస్తుంది లే అనేసేవాడు. ఏది నిజం నాన్నా అంటే, అడిగినవాడికి నిలబడేది నిజం అని నవ్వేవాడు.

అవ్వ అర్థాలు వేరు. నాన్న భోంచేసి నడుం వాల్చాక, వంటింట్లో పొత్రం కడుగుతూ మా ఇద్దరికీ చెప్పేది. అడ్డుతెర ఎందుకంటే, మొగోన్ని ముందే చూస్తే పిల్ల లేచి పోతుందని. తలంబ్రాలు ఎందుకంటే, ఎన్నడూ చూసుకోని ఇద్దరికి ముందు నవ్వు రావాలని, నవ్వొస్తే సగం భయం పోతుందని. మెట్టెలెందుకంటే, కొత్త కోడలు యాడుందో అత్తకు చప్పుడు వినపడాలని. మరి సన్నికల్లో అని అడిగాను. అవ్వ కడిగిన పొత్రాన్ని పక్కన పెట్టింది. "పెండ్లి మొత్తంలో మొగోడు ఆడదాని కాలు పట్టుకునేది ఆడొక్కచోటనే. దానికోసరం పెట్టింటారు," అంది. నాన్న అర్థం నేను పుస్తకంలో రాసుకున్నాను. అవ్వ అర్థాన్ని నవ్వి వదిలేశాను.

అక్కకు సంబంధం కుదిరే నాటికి అక్క చేతిలో ఒక కాగితం ఉంది. కడపలో టీచర్ ట్రైనింగుకు సీటు వచ్చినట్టు తెలిపే కాగితం. మా వీధిలో అంతకుముందు ఏ ఆడపిల్లకూ రాలేదు. అక్క దాన్ని పెట్టె అడుగున పట్టుచీర మడతలో దాచుకుని, రోజుకోసారి తీసి చదివేది. బావ వాళ్ల నాన్న నిశ్చితార్థం రోజు మా నాన్న ఎదుట తాంబూలం పట్టుకుని, పిల్లను చదివిస్తాం, ట్రైనింగు అయ్యాకే కాపురం అని అందరిలోనూ చెప్పాడు. ఆ మాట మీదే నాన్న ఒప్పుకున్నాడు. ఆ మాట మీదే అక్క ఒప్పుకుంది. బావ అప్పుడు పులివెందులలో గుమాస్తా. వాళ్ల నాన్న ఎదుట గట్టిగా తుమ్మడానికి కూడా జంకేవాడని వాళ్ల వాళ్లే చెప్పుకునేవాళ్లు.

పెళ్లి మా ఇంటి ముందు పందిట్లోనే. కన్యాదానం చెయ్యాలి కాబట్టి నాన్న పీటల మీద కూర్చున్నాడు, మంత్రాలు చెప్పడానికి ప్రొద్దుటూరు నుంచి ఆయన స్నేహితుడు వచ్చాడు. ఎవరో మంత్రం చెప్తుంటే నాన్న పెదవులు ముందే కదిలిపోయేవి. సన్నికల్లుకు అవ్వ వారం ముందే ఉలితో కొత్తగా గాట్లు కొట్టించింది. మనవరాలి పెళ్లికి అరిగిపోయిన రాయి పెడతామా అంది. తను మాత్రం వితంతువని పందిట్లోకి రాకుండా వంటింటి గడప లోపల నిలబడి చూసింది. జీలకర్ర బెల్లం అయింది, తాళి కట్టడం అయింది. హోమానికి ముందు చీర మార్చుకోవడానికి అక్కను లోపలికి తీసుకెళ్లారు, బావ వాళ్ల తరఫు ఆడవాళ్లు కూడా వెళ్లారు. బయటికొచ్చేటప్పటికి అక్క ముఖం తెల్లగా పాలిపోయి ఉంది. ఉపవాసం కదా, ఆకలేమో అనుకున్నాను నేను.

హోమం ముందు రాయి పెట్టారు. పురోహితుడు చెప్పగానే బావ వంగి అక్క కుడికాలి బొటనవేలు పట్టుకున్నాడు. అక్క కాలెత్తలేదు. పురోహితుడు మళ్లీ చెప్పాడు. అమ్మ మోచేత్తో పొడిచింది. అక్క కదల్లేదు. మేళం వాళ్లు కూడా ఆపేసి చూస్తున్నారు. అప్పుడు అక్క తల వంచుకుని, కొంచెం గట్టిగానే, "అవ్వ కొడుతుంది," అంది. పందిరంతా ఘొల్లుమంది. వంటింటి గడపలో నుంచి అవ్వ, ఈ పొద్దుకు కొట్టనులే తల్లీ, పెట్టు అని అరిచింది. దాంతో నవ్వు ఇంకా పెరిగింది. ఆ గోలలో అక్క, బావ తలలు దగ్గరగా ఉండడం నేను చూశాను. తరవాత బావ తన అరచేతిని వెల్లకిలా రాతి మీద పెట్టాడు, అక్క దాని మీద కాలు పెట్టింది. పాపం, పిల్ల రాతిని తొక్కడానికి జంకుతోందని చెయ్యి అడ్డం పెట్టాడు, ఎంత మంచివాడో అన్నారు అమ్మలక్కలు. ఇప్పటి నుంచే కాళ్ల కింద చేతులు పెట్టడం నేర్చుకున్నాడని మగవాళ్లు ఎగతాళి చేశారు. కొత్త గాట్లకు ఒరుసుకుని బావ నడిమివేలి గోరు నల్లబడింది. తరవాత ఆ గోరు ఊడిపోయి, వచ్చిన గోరు వంకరగా వచ్చింది.

ఇదీ నేను చెప్పే కథ. "అవ్వ కొడుతుంది" అన్నచోట ఒక్క క్షణం ఆగి చెప్పాలి, అప్పుడు నవ్వు బాగా వస్తుంది. అక్క ఎదుటే ఎన్నిసార్లు చెప్పానో. అక్క కూడా అందరితోపాటు నవ్వేది. ఆ జూన్‌లో బావే అక్కను కడప బస్సెక్కించి ట్రైనింగులో చేర్చాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడని మా నాన్న వియ్యంకుణ్ణి పదిమందిలో పొగిడాడు. అక్క పల్లె బళ్లలో పాఠాలు చెప్పి, చాపాడు దగ్గర ఒక ఊళ్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైంది. నేను ఉద్యోగంలో చేరింది కూడా అక్కను చూసే. అయినా నా మనసులో అక్క అంటే కొంచెం జంకు మనిషి. నోరు నాది, భయం ఆమెది అని మేమిద్దరం పంచుకున్నట్టు అనుకునేదాన్ని.

పెరట్లో బావ కొబ్బరిపీచుతో రాయి తోముతుంటే నేను నీళ్లు పోస్తూ, మేఘన నన్ను మైకులో చెప్పమన్న సంగతి చెప్పాను. బావ తోమడం ఆపేశాడు.

"ఆ కత చెప్పొద్దు సరోజా," అన్నాడు. "మీ అక్క బయపడి కాదు ఆగింది."

చెంబు కింద పెట్టాను. బావ రాతి వైపే చూస్తూ చెప్పాడు. చీర మార్చుకోవడానికి అక్క లోపలికి వెళ్లినప్పుడు బావ వాళ్ల అమ్మ చెప్పేసిందట. ట్రైనింగూ లేదు ఏమీ లేదు, సంబంధం తప్పిపోతుందని మీ మామ అట్లా అన్నాడు, తాళి పడింది కదా, రేపు పులివెందులకు వస్తే మళ్లీ యాడికీ పోయేది లేదు అందట. బావకు ఆ సంగతి తెలియదు. రాయి దగ్గర వంగినప్పుడు అక్క చెబితేనే తెలిసింది.

"అవ్వ కొడుతుందని పైకి అనింది చూడు, అందరూ నవ్వల్లనే అనింది. ఆ నవ్వులో నాతో మాట్లాడింది. మీ నాయన మాట తప్పినాడు, నువ్వు పంపిస్తావా లేదా చెప్పు, చెప్పేదాక కాలెత్తను అనింది. నేను తలెత్తితే మా నాయన ఎదురుంగనే కూసోనుండాడు. నాకు నోరు రాలేదు సరోజా. మాటిచ్చేటప్పుడు చేతిలో చెయ్యేస్తాం కదా. నోరు రాక చెయ్యి చాపినా. మీ అక్క ఆ చెయ్యి చూసి, దాని మీద కాలు పెట్టింది. బరువంతా ఏసి పెట్టింది."

చివరి మాటకు బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మరి ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు బావా అని అడిగాను. అక్కే వద్దందట. మామ మాట తప్పాడని పుట్టింట్లో తెలిస్తే నాన్న తట్టుకోలేడు, మామకూ పరువు ఉండదు, నేను భయపడ్డానని నవ్వుకుంటే నాకు పోయేదేముంది అందట. జూన్‌లో కడప బస్సెక్కించి వచ్చినందుకు బావతో వాళ్ల నాన్న ఆరునెలలు మాట్లాడలేదట. ఆ సంగతీ మాకు తెలియదు. పెద్దవాళ్లంతా పోయాక, ఇప్పుడైనా సరోజకు చెబుదామా అని బావ అడిగితే, దానికి ఆ కథ చెప్పడం ఇష్టం, చెప్పుకోనీ అందట అక్క.

ఆ మాట విన్నాక నాకు సిగ్గేసింది. దుఃఖం వచ్చింది, అక్క మీద కోపమూ వచ్చింది. నా చేత ఇన్నేళ్లు అందరినీ నవ్వించింది. నేను అక్కడే ఉన్నాను. అక్క ముఖం పాలిపోవడం చూశాను, ఇద్దరి తలలూ దగ్గరగా ఉండడం చూశాను, చెయ్యి వెల్లకిలా పెట్టడం చూశాను. అవ్వ చెప్పిన అర్థం కూడా నాకు ముందే తెలుసు. మొగవాడు కాలు పట్టుకునేది ఆ ఒక్కచోటే. తాళి పడ్డాక అక్కకు మాట అడగడానికి మిగిలింది కూడా ఆ ఒక్కచోటే. అవ్వ మాటను నేను నవ్వి వదిలేస్తే, పక్కనే కూర్చుని అక్క దాచుకుందన్నమాట. కొళాయి దగ్గర ఆ తడిబండ మీదే కూర్చుండిపోయాను. బావ రాయి తోముకుంటూ పోయాడు.

పెళ్లి ఏసీ హాల్లో. మా కాలంలో పందిరి కింద పొగకు కళ్లు మండేవి, ఇక్కడ చలికి నేను శాలువా కప్పుకున్నాను. పురోహితుడు చిన్నవాడు, మెడలో మైకు. ప్రతి తంతుకూ ఒక శాస్త్రీయ కారణం చెప్తున్నాడు. జీలకర్ర బెల్లం వల్ల మెదడులో ఏవో తరంగాలు పుడతాయన్నాడు, మెట్టెలు నరాలను నొక్కుతాయన్నాడు. మా నాన్న ఉంటే కిసుక్కున నవ్వి, అడిగినవాడికి నిలబడిందిలే అనేవాడు. అయినా ఒక సంగతి ఒప్పుకోవాలి. మేఘన పీటల మీద కూర్చుని పెళ్లికొడుకుతో చక్కగా మాట్లాడుతోంది. ఆ పిల్ల ఉద్యోగం ఎక్కడో, ఇల్లు ఎక్కడ తీసుకోవాలో ఇద్దరూ ముందే మాట్లాడుకున్నారు. అడ్డుతెర వెనక వాళ్లకు తెలియనిదేమీ లేదు. తలంబ్రాలకు వాళ్లు నవ్వింది భయం పోవడానికి కాదు.

సన్నికల్లు తెచ్చి పెట్టారు. తోమి, పసుపు రాసి, కుంకుమ పెట్టి తెస్తే అది మా వంటింటి రాయిలాగే ఉంది. పురోహితుడు మైకులో అర్థం చెప్పాడు. వధువు అత్తింట్లో ఎన్ని కష్టాలొచ్చినా నోరెత్తకుండా ఈ రాయిలా ఓర్చుకోవాలని భావం అన్నాడు. మంత్రంలో నోరెత్తకుండా అన్న మాట లేదు. మా నాన్న కూతుర్ని, నాకు తెలుసు. అప్పుడే మేఘన నా వైపు చూసి కన్నుగీటింది. ఎవరో మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. కథ తెలిసినవాళ్లు ముందే నవ్వడానికి సిద్ధమై కూర్చున్నారు. బావ ముందు వరసలో ఉన్నాడు. నిజం చెప్తే చెప్పు, లేకుంటే లేదు అన్నట్టు తల వంచుకున్నాడు.

"మా అక్క ఆ పొద్దు భయపడలేదు," అన్నాను.

నవ్వబోయినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. కథ ఇలా మొదలవదని వాళ్లకు తెలుసు. జరిగింది జరిగినట్టు నాలుగు మాటల్లో చెప్పాను. ఎక్కడా ఆగి చెప్పలేదు. బావ వాళ్ల నాన్న పేరు ఎత్తలేదు, ఇచ్చిన మాట వెనక్కి పోయింది అని మాత్రం అన్నాను. ఇన్నేళ్లు ఈ సంగతి తెలియక నేను మా అక్కను నవ్వులాట చేశాను, నాదే తప్పు అన్నాను. మైకు ఇచ్చేశాను. మేఘన పెళ్లికొడుకును చూడలేదు. లేచి నిలబడి తాతను చూసింది. బావ కుడిచెయ్యి పైకెత్తి, ఆ వంకర గోరును అందరికీ చూపించి, మళ్లీ తొడ మీద పెట్టుకున్నాడు. అప్పుడు ఆ పిల్ల వంగి, రాతిని చేత్తో తాకి, మూడుసార్లు కళ్లకద్దుకుని, పెళ్లికొడుకు పట్టుకున్న కాలు ఎత్తి రాతి మీద పెట్టింది. ఆ మూడుసార్లు ఎవరు నేర్పారో నాకు తెలుసు.

సాయంత్రం ఆటోలో రాయి మా ఇంటికొచ్చింది. దాని మీద బెల్లం ముక్క, బియ్యం, రవికె గుడ్డ, అన్నీ బావే పెట్టించాడు. ఇప్పుడది వంటింట్లో ఉంది. మరునాడు చెనక్కాయలు వేయించి దాని మీద ఊరిమిండి నూరాను. గాట్లు అరిగిపోయాయి, చేతులు పట్టేశాయి, పచ్చడి బరక బరకగా వచ్చింది. మిగిలిన దాంట్లో అన్నం ముద్ద వేసి తుడుచుకున్నాను. సగం పెట్టడానికి పక్కన ఎవరూ లేరు. ఆ రాతిని మా అమ్మ తొక్కింది, నేను తొక్కాను, నా కూతురూ, అక్క కూతురూ తొక్కారు, ఇప్పుడు మేఘన తొక్కింది. మా ఇంటి ఆడపిల్లల్లో దాని మీద కాలు పెట్టనిది మా అక్క ఒక్కతే.